స్టేషన్‌లో అన్న మాట కోర్టు దాకా వస్తుంది

చట్టం – మీ సందేహం
(ఈ శీర్షిక నిర్వహిస్తున్న న్యాయవాది గుంటూరు కోర్టుల్లో ప్రాక్టీసు చేసి, ప్రస్తుతం ఇంగ్లండ్‌లో క్రిమినల్ కేసుల సొలిసిటర్‌గా పనిచేస్తున్నారు. ఈ నెల ఉత్తరాలన్నీ బ్రిటన్‌కు సంబంధించినవే.)

ప్రశ్న: మా అబ్బాయి లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. నలుగురైదుగురు కుర్రాళ్లు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అడ్వాన్సు డబ్బు దగ్గర తోటి కుర్రాడితో వంటింట్లో మాటామాటా పెరిగింది. అతను మావాడి కాలరు పట్టుకున్నాడు, మావాడు తోశాడు. అతని మోచేయి గీసుకుపోయింది, చేతిలో ఫోను కిందపడి పగిలింది. పక్కింటివాళ్లు ఫోను చేస్తే పోలీసులు వచ్చి మావాడిని అరెస్టు చేసి రాత్రంతా ఉంచారు. త్వరగా ఇంటికి పోవచ్చని లాయరు అక్కర్లేదన్నాడట. విచారణలో ‘అవును, తోశాను, సారీ’ అన్నాడట. బెయిలు మీద వదిలి వచ్చేవారం రమ్మన్నారు. ‘కాషన్’ తీసుకుంటే కోర్టు ఉండదని చెప్పారట. సంతకం పెట్టి బయటపడమని నేను చెప్పాను. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో ఎలాగూ చెల్లదని మా తమ్ముడు ధైర్యం చెబుతున్నాడు. ఢిల్లీలో తెలిసినవారి ద్వారా లండన్‌లోని మన హైకమిషన్‌కు చెప్పించమంటారా?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ముందు మీ అబ్బాయికి ఫోను చేసి, సొలిసిటర్‌తో మాట్లాడేదాకా దేని మీదా సంతకం పెట్టవద్దని చెప్పండి. మిగతాది ఆ తర్వాత చదవండి.

మీ తమ్ముడిగారు చెప్పింది మన దేశం వరకు నిజమే. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడి మీద రుజువుగా వాడకూడదని పాత సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. తరతరాలుగా ఆ మాట మన ఇళ్లలో నానుతూ వచ్చింది. ‘స్టేషన్లో ఏదో ఒకటి అనేసి బయటికి రా, కోర్టులో చూసుకుందాం’ అని పెద్దలు చెప్పడం నేను గుంటూరులో ఎన్నోసార్లు విన్నాను. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ సలహా పిల్లల కొంప ముంచుతుంది. ఇక్కడ పోలీసు ఇంటర్వ్యూను రికార్డు చేస్తారు. అందులో అన్న ప్రతి మాటనూ కోర్టులో వినిపించవచ్చు. మీ అబ్బాయి గొడవ సద్దుమణగాలని అన్న ‘సారీ’ కూడా ఆ రికార్డులో ఉంది.

ఇక్కడ కాషన్ పేరుతో వేర్వేరుగా రెండున్నాయి. మీ ఉత్తరంలో రెండూ కలిసిపోయాయి.

మొదటిది అరెస్టు చేసేటప్పుడు, మళ్లీ ఇంటర్వ్యూ మొదలయ్యేటప్పుడు పోలీసులు చెప్పే మూడు వాక్యాలు. మీరు ఏమీ చెప్పనవసరం లేదు. అయితే తర్వాత కోర్టులో మీరు ఆధారపడే విషయమేదైనా ఇప్పుడు అడిగినప్పుడు చెప్పకపోతే అది మీ వాదనకు నష్టం కలిగించవచ్చు. మీరు చెప్పినది ఏదైనా సాక్ష్యంగా వాడవచ్చు. వాటి సారం ఇదే. మధ్య వాక్యం 1994లో చేసిన చట్టంతో వచ్చింది. అంతకుముందు ఇక్కడ మౌనంగా ఉంటే ఏ నష్టమూ ఉండేది కాదు.

అధికారి ఈ మూడు వాక్యాలూ చదివి ‘అర్థమైందా?’ అని అడుగుతారు. మన పిల్లలు ‘యస్’ అంటూ తల ఊపుతారు. పక్కన కూర్చున్న నాకు, అర్థం కాలేదని వాళ్ల ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. అందుకే ఇంటర్వ్యూకు ముందు నేను మాట్లాడే గదిలో, ప్రతి తెలుగు కుర్రాడి చేతా ఆ మధ్య వాక్యాన్ని అతని సొంత తెలుగులో చెప్పించుకుంటాను. చెప్పలేకపోతే చెప్పగలిగేదాకా ఇంటర్వ్యూకు కదలను. మీ అబ్బాయి సంగతే తీసుకోండి. ‘అతను ముందు నా కాలరు పట్టుకున్నాడు, వదిలించుకోవడానికి తోశాను’ అన్నది ఈ కేసుకు ప్రాణం. ఆ మాట ఇంటర్వ్యూలో చెప్పాడా లేదా మీ ఉత్తరంలో లేదు. చెప్పకుండా రేపు కోర్టులో మొదటిసారి చెబితే, ‘ఇది నిజమైతే ఆ రాత్రే ఎందుకు చెప్పలేదు?’ అని మేజిస్ట్రేట్లు అనుకోవడానికి చట్టం వీలిస్తుంది. కేవలం ఆ కారణం మీద దోషిగా తేల్చకూడదని కూడా అదే చట్టం చెబుతుంది. అడిగినా సొలిసిటర్‌ను కలవనివ్వకుండా ప్రశ్నించి ఉంటే ఇలాంటి అనుమానానికి తావే లేదు. మీవాడు తనే వద్దన్నాడు కాబట్టి ఆ రక్షణ అతనికి లేదు.

రెండో కాషన్ ఇప్పుడు సంతకం పెట్టమంటున్నది. దీన్ని సింపుల్ కాషన్ అంటారు. మందలించి పంపేయడమని మీరు అనుకుంటున్నట్టున్నారు. నేరం చేశానని ఒప్పుకొని, దాన్ని పోలీసు రికార్డులోకి ఎక్కించడానికి అంగీకరించడం అది. కోర్టు విధించిన శిక్ష కాదు, నిజమే. కానీ పోలీసుల జాతీయ కంప్యూటర్‌లో ఆ రికార్డు నిలిచిపోతుంది, వేలిముద్రలు, డీఎన్ఏ వివరాలు కూడా ఉంచేసుకుంటారు. మామూలు ఉద్యోగాలకు అది ఇచ్చిన రోజే చెల్లిపోయినట్టు లెక్క. ఆసుపత్రులు, బడులు, వృద్ధాశ్రమాల ఉద్యోగాలకు చేసే నేర చరిత్ర తనిఖీలో మాత్రం కొన్నేళ్లపాటు కనిపిస్తుంది, కొన్ని నేరాలైతే ఎప్పటికీ. వీసా విషయంలో ‘చెల్లిపోయింది’ అన్న మాట అసలు పనికిరాదు. చదువు అయ్యాక ఉండటానికి పెట్టే దరఖాస్తులో, ఉద్యోగ వీసాలో, రేపెప్పుడో పౌరసత్వానికి పెట్టే కాగితాల్లో కాషన్ గురించి అడుగుతారు, రాయాలి. దాచి దొరికితే అది మోసం కిందికి వస్తుంది. దరఖాస్తు తిరస్కరించడమే కాకుండా పదేళ్ల వరకు నిషేధం కూడా పడవచ్చు.

కాషన్‌ను కోర్టు తీర్పు మీద వెళ్లినట్టు అప్పీలు చేసి కొట్టేయించలేరు. పోలీసులకే ఫిర్యాదు చేసి ఒప్పించాలి, లేదా హైకోర్టులో ప్రత్యేక పిటిషన్ వేయాలి. రెండూ ఖర్చుతో, కాలంతో కూడిన పనులు. అందుకే ముందే ఆలోచించమంటున్నాను.

ఇంకో సంగతి. స్పష్టంగా నేరం ఒప్పుకున్నవారికే కాషన్ ఇవ్వాలన్నది నియమం. కాషన్ ఆశ చూపి ఒప్పించడానికి వీల్లేదు. ‘తోశాను, అయితే నన్ను పట్టుకున్నందుకు తోశాను’ అనడం నేరం ఒప్పుకోవడం కిందికి రాదు. ఆత్మరక్షణకు తగినంత బలం వాడటాన్ని ఈ దేశ చట్టం నేరంగా చూడదు. వచ్చేవారం మీవాడు ఆ మాట చెబితే కాషన్‌కు ఆధారమే ఉండదు. అప్పుడు పోలీసులు కేసు మూసేయవచ్చు, లేదా కోర్టుకు పంపవచ్చు. కోర్టుకు వెళ్లే ప్రమాదం లేదని నేను అనను. ఆ ప్రమాదం ఎంత, ఆ వంటింట్లో ఉన్న మిగతా కుర్రాళ్లు ఏం చెప్పారు, ఫోను విలువెంత అన్నవి చూసి తేల్చాల్సింది అతని సొలిసిటర్. నిజంగా తప్పు చేసినవాడికి, సాక్ష్యం గట్టిగా ఉన్నప్పుడు, కాషన్ మేలైన దారి కావచ్చు. నేనే కొందరికి తీసుకోమని చెప్పాను. కానీ సాక్ష్యం తెలుసుకుని తీసుకోవడం వేరు, ఇంటికి పోవాలన్న తొందరలో తీసుకోవడం వేరు.

లాయరు ఖర్చు గురించి మీరు అడగలేదు, కానీ అడగాలనుకున్నారని నాకు తెలుసు. పోలీసు స్టేషన్‌లో సొలిసిటర్ సలహా ఇక్కడ పూర్తిగా ఉచితం. జీతం, ఆస్తి, పౌరసత్వం, వీసా ఏవీ చూడరు. 1984లో వచ్చిన, అందరూ ‘పేస్’ అని పిలిచే చట్టంలోని 58వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది. సొలిసిటర్ పేరు తెలియకపోతే డ్యూటీ సొలిసిటర్ కావాలంటే చాలు. మేం పోలీసుల ఉద్యోగులం కాము, వంతుల వారీగా రాత్రీపగలూ వచ్చే ప్రైవేటు న్యాయవాదులం. ‘వద్దు’ అన్నవాడు మధ్యలో మనసు మార్చుకున్నా ఇంటర్వ్యూ ఆపి పిలిపించాలి. బెయిలు మీద తిరిగి వెళ్లినప్పుడూ ఈ హక్కు అలాగే ఉంటుంది. లాయరును పిలిస్తే ఆలస్యమవుతుందని పిల్లలు భయపడతారు. ఆ గంటల్లో చాలాభాగం పోలీసులు ఫిర్యాదిదారు వాంగ్మూలం తీసుకోవడానికి, గాయం ఫొటోలు తీయడానికి పోతుంది. మేం వచ్చినా రాకపోయినా ఆ గంటలు ఉండేవే. లాయరు వద్దనేలా ఒప్పించే ప్రయత్నం ఏ పోలీసూ చేయకూడదని నియమావళిలో రాసి ఉంది.

వచ్చేవారం వెళ్లే ముందే ఒక క్రిమినల్ సొలిసిటర్ కార్యాలయానికి ఫోను చేసి బెయిలు కాగితం చూపించమనండి. ‘మొదటి ఇంటర్వ్యూలో నా తరఫున ఎవరూ లేరు’ అని చెప్పమనండి. కాలరు సంగతి అప్పుడు చెప్పకపోయి ఉంటే, సొలిసిటర్ దాన్ని రాతపూర్వక ప్రకటనగా తయారుచేసి ఇప్పుడైనా ఇస్తారు. ఆలస్యమైనా కోర్టుకు ముందు చెప్పినట్టు ఉంటుంది. ఆ కుర్రాడికి సర్దిచెప్పాలని మీ అబ్బాయి గానీ మీరు గానీ ఫోను చేయవద్దు. అతన్ని కలవకూడదని బెయిలు షరతు ఉండి ఉండవచ్చు. షరతు లేకపోయినా సాక్షిని ఒత్తిడి చేశారన్న మాట కొత్త కేసవుతుంది. మన ఊళ్లో పెద్దమనుషులను కూర్చోబెట్టి రాజీ చేసే పద్ధతి ఇక్కడ ఇలా బెడిసికొట్టడం చూశాను.

హైకమిషన్ సంగతి. విదేశీయుడిని అరెస్టు చేస్తే తన దేశ ప్రతినిధులకు కబురు పెట్టమని అడిగే హక్కు అతనికి ఉంది. లెస్టర్‌కు దగ్గరలో బర్మింగ్‌హామ్‌లో మన కాన్సులేట్ ఉంది. వాళ్లు పలకరిస్తారు, న్యాయవాదుల వివరాలు ఇవ్వగలరు. కేసు ఆపమని చెప్పలేరు, చెప్పినా ఇక్కడ ఎవరూ వినరు. ఢిల్లీకి ఫోను చేసే శ్రమ సొలిసిటర్‌ను వెతకడం మీద పెట్టండి.

ప్రశ్న: నేను కోవెంట్రీలో చదువుతూ ఒక రెస్టారెంటులో పార్ట్‌టైమ్ చేస్తున్నాను. తోటి పనివాడొకతను తన బ్యాంకు ఖాతా ఆగిపోయిందని చెప్పి నా ఖాతాలోకి 2,800 పౌండ్లు వేయించుకున్నాడు. తీసి ఇచ్చినందుకు 150 పౌండ్లు నాకిచ్చాడు. ఇప్పుడు బ్యాంకు నా ఖాతా స్తంభింపజేసింది. పోలీసులు ‘స్వచ్ఛంద ఇంటర్వ్యూ’కు రమ్మని మెయిల్ పంపారు. అరెస్టు కాదు, మాట్లాడటానికేనని రాశారు. వెళ్లి జరిగింది చెప్పేస్తే సరిపోతుందా? ఆ మెసేజ్‌లు చూస్తే భయమేసి తీసేయాలనిపిస్తోంది.
– ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, ఒక్క మెసేజ్ కూడా తీసేయకు. తీసేస్తే అదే వేరే పెద్ద నేరమవుతుంది. నువ్వు నిజంగా మోసపోయి ఉంటే ఆ మెసేజ్‌లే నిన్ను కాపాడతాయి.

స్వచ్ఛంద ఇంటర్వ్యూ అంటే గదికి తాళం లేదు, లేచి రావచ్చు, అంతే తేడా. అదే కాషన్ చదువుతారు, అలాగే రికార్డు చేస్తారు, కోర్టులో అలాగే వాడతారు. ఉచిత సొలిసిటర్ హక్కూ అలాగే ఉంటుంది. మాట్లాడటానికేనన్న మాట పట్టుకుని ఒంటరిగా వెళ్లేవాళ్లు మనవాళ్లలో చాలామంది. వెళ్లకుండా తప్పించుకుంటే, లేదా మధ్యలో లేచి వచ్చేస్తే, అవసరమనిపిస్తే అరెస్టు చేయవచ్చు. కాబట్టి వెళ్లు, సొలిసిటర్‌తో వెళ్లు. ముందే కార్యాలయానికి ఫోను చేస్తే వాళ్లే పోలీసులతో మాట్లాడి తేదీ మార్పిస్తారు.

ఈ కేసు తేలికైనది కాదు కాబట్టి దాచకుండా చెబుతున్నాను. నేరపు సొమ్మును ఖాతా గుండా పంపడం 2002 నాటి చట్టం కింద గరిష్ఠంగా 14 ఏళ్ల శిక్ష పడగల నేరం. అది నేరపు సొమ్మని ఖాయంగా తెలిసి ఉండాల్సిన పనిలేదు, అనుమానం ఉన్నా చాలు. ‘ఏదో తేడాగా ఉందే అనిపించింది, అయినా స్నేహితుడు కదా అని...’ అన్న వాక్యం తెలుగులో అమాయకంగా వినిపిస్తుంది. ఇంటర్వ్యూ గదిలో అది నేరం ఒప్పుకోవడంతో సమానం. అబద్ధం చెప్పమని కాదు తల్లీ. నీకు ఏ రోజున ఏం తెలుసు, ఆ 150 పౌండ్లు ఎందుకిచ్చాడనుకున్నావు అన్నది ముందు సొలిసిటర్‌కు నిదానంగా చెప్పు. జవాబివ్వాలా, రాసిచ్చి ఊరుకోవాలా, మౌనంగా ఉండాలా అన్నది సాక్ష్యం ఎంత చూపించారన్న దాన్ని బట్టి ఉంటుంది. దానికి అందరికీ ఒకే సూత్రం లేదు.

ఫోను పాస్‌వర్డు అడగవచ్చు. చట్టప్రకారం రాతపూర్వక నోటీసు ఇచ్చి అడిగితే, ఇవ్వకపోవడం నేరం. మాటవరసకు అడిగితే ‘సొలిసిటర్‌తో మాట్లాడి చెబుతాను’ అనడం నేరం కాదు. బ్యాంకులు పంచుకునే మోసాల జాబితాలో నీ పేరు చేరిందేమో కూడా కనుక్కో. చేరితే ఆరేళ్లు ఉంటుంది, కొత్త ఖాతా దొరకడం కష్టమవుతుంది. అన్యాయంగా చేర్చారనిపిస్తే తీయించమని అడగవచ్చు, ముందు బ్యాంకుకే రాయాలి. ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పావో లేదో రాయలేదు. చెప్పు.

ప్రశ్న: నేను గ్లాస్గోలో ఉంటాను. ఇంగ్లండ్ నియమాలే ఇక్కడా వర్తిస్తాయా?
– ఒక పాఠకుడు

జవాబు: వర్తించవు. స్కాట్లండ్‌ది వేరే న్యాయవ్యవస్థ. అక్కడ 2016 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం నడుస్తుంది. మౌనంగా ఉన్నందుకు కోర్టు తప్పుపట్టదు, కాబట్టి వాళ్లు చదివే హెచ్చరికలో నేను పైన చెప్పిన మధ్య వాక్యం ఉండదు. ఇంగ్లండ్‌లో అభియోగం లేకుండా మామూలుగా 24 గంటల వరకు ఉంచుకోవచ్చు, తీవ్రమైన నేరాలకు పొడిగింపులతో 96 గంటల వరకు. స్కాట్లండ్‌లో 12 గంటలు, పొడిగిస్తే 24. సొలిసిటర్ కావాలని అడగడం మాత్రం రెండు చోట్లా మరవకూడదు.

ప్రశ్న: మా అత్తగారు మమ్మల్ని చూడటానికి రెడింగ్ వచ్చారు. సూపర్‌మార్కెట్‌లో పసిపిల్ల బండి కింద పెట్టిన రెండు వస్తువులకు డబ్బు కట్టడం మరిచి బయటికి వచ్చారు. పోలీసులు స్టేషన్‌కు తీసుకెళ్లారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, షుగరు ఉంది. ముందు హిందీ దుబాసీని ఫోనులో కలిపారట. ఆవిడకు హిందీ అంతంతమాత్రం, భయంతో ‘హా హా’ అంటూ పోయారు. చివరకు చర్య ఏమీ లేదని వదిలేశారు. మళ్లీ వీసాకు ఇబ్బందా? మేం దుబాసీగా ఉంటామంటే ఎందుకు ఒప్పుకోలేదు?
– ఒక అల్లుడు

జవాబు: ఇంటివాళ్లు దుబాసీగా ఉండకూడదన్న నియమం మంచిదే. ప్రేమకొద్దీ అత్తగారు అనని మాటలు కూడా మీరు కలిపి చెబుతారు, తర్వాత మీరే సాక్షి కావాల్సి వస్తుంది. కానీ తెలుగు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాల్సిన బాధ్యత పోలీసులది. భారతీయులంటే హిందీ వస్తుందనుకోవడం కౌంటరు దగ్గర తరచూ జరుగుతుంది. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు బ్రిటన్ వస్తే ‘తెలుగు ఓన్లీ’ అన్న మాట నేర్పండి. ఒక చీటీ మీద ఇంగ్లీషులో తన భాష, వాడే మందులు, మీ ఫోను నంబరు రాసి సంచిలో పెట్టండి. కస్టడీ సార్జెంటు మొదట అడిగేవాటిలో మందుల సంగతి ఒకటి. ఇన్సులిన్ అవసరమని తెలిస్తే వైద్య సిబ్బందిని పిలిపించాలి. శాకాహారం కావాలంటే ఇవ్వాలి. అరెస్టయినట్టు ఇంట్లో ఒకరికి తెలియజేయమని అడిగే హక్కూ ఉంది.

చర్య లేకుండా మూసేశారు కాబట్టి అది శిక్షా కాదు, కాషనూ కాదు. బ్రిటన్ వీసా ఫారంలో ప్రశ్న ఏమడిగిందో అక్షరం అక్షరం చదివి దానికి మాత్రమే నిజం రాయండి. అమెరికా వీసా ఫారం ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అని కూడా అడుగుతుంది, అక్కడ అవునని రాసి వివరించాలి. అప్పుడు చేతిలో కాగితం ఉండటం మంచిది. చర్య లేదని పోలీసులు ఇచ్చిన లేఖ జాగ్రత్త చేయండి. ఆవిడ స్టేషన్‌లో ఉన్న సమయంలో ఏం జరిగిందో రాసే కస్టడీ రికార్డు నకలు అడిగే హక్కు విడుదలైన 12 నెలల వరకు ఉంటుంది. ఆవిడ సంతకంతో ఇప్పుడే అడగండి. మొదట ఏ భాష దుబాసీని పిలిచారో, తెలుగు దుబాసీ ఎన్ని గంటలకు వచ్చారో అందులో నమోదై ఉండాలి. పాత శిక్షలేవీ లేకపోతే, ఇలా ముగిసిన చిన్న దొంగతనం కేసులో తీసుకున్న వేలిముద్రలు, డీఎన్ఏ వివరాలు తొలగించాలి. తొలగించారా అని అదే ఉత్తరంలో అడగండి.